మూడో నెలలో గ్రూప్ ఎందుకు మూగబోతుంది?



ఈ పేజీలో మామూలుగా పిల్లల చదువు, హోంవర్క్, పరీక్షల గురించి రాస్తుంటాం. ఈ నెల మీ గురించి రాయాలనిపించింది. పేరెంట్స్ మీటింగ్ రోజున క్లాస్‌రూమ్ బయట వరండాలో మీరు మాట్లాడుకునే మాటలు లోపల కూర్చున్న మాకూ కాస్త వినిపిస్తుంటాయి. మార్కుల తర్వాత అక్కడ ఎక్కువగా నడిచే టాపిక్ బరువు. "మా గ్రూప్‌లో ఒకావిడ ఆరు కిలోలు తగ్గారట", "మా కోచ్ రాత్రి ఎనిమిది దాటాక ఏదీ ముట్టొద్దన్నారు", "నన్నూ అందులో యాడ్ చెయ్యరా ప్లీజ్". తర్వాతి మీటింగ్‌కి అదే గ్రూప్ గురించి అడిగితే, "అబ్బే, ఇప్పుడు ఎవరూ మెసేజ్ పెట్టట్లేదండీ" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఏం జరుగుతుందో తెలుసుకుంటే మంచిదని నాకు అనిపించింది. దానికి ఇంకో కారణం కూడా ఉంది, అది పిల్లల టిఫిన్ బాక్సులకు సంబంధించింది. చివర్లో చెప్తాను.

మనం ఉన్న చోటు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఇక్కడ బరువు గురించి మాట్లాడకుండా ఉండటం కష్టం. స్కూల్ బస్సు వచ్చే దారిలో పిల్లలు తలెత్తితే సినిమా హోర్డింగ్, తల తిప్పితే జిమ్ బోర్డు. 2007లో 'యమదొంగ' కోసం జూనియర్ ఎన్టీఆర్ సన్నబడి తెరమీదకు వచ్చినప్పుడు నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నాను. అప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లు సినిమా కథ కన్నా ఆయన ఎలా తగ్గారన్న దాని గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. 2015లో వచ్చిన 'సైజ్ జీరో' కోసం అనుష్క దీనికి పూర్తిగా రివర్స్‌లో వెళ్లారు. ఆ పాత్ర కోసం బరువు పెరిగారు. గబగబా సన్నబడాలన్న ఆశ మీద నడిచే క్లినిక్‌ల గురించిన సినిమా అది. మా కాలేజీ అమ్మాయిలం సినిమా చూసి బయటికొచ్చి మాట్లాడుకున్నది మాత్రం ఆవిడ మళ్లీ ఎన్నాళ్లకు తగ్గుతారో అని. సినిమా చెప్పింది ఒకటి, మా చెవికి ఎక్కింది ఇంకొకటి.

నటీనటులు ఎలా తగ్గుతారని అడిగినప్పుడు మనం డైట్ చార్ట్ అడుగుతాం. నాకైతే అసలు సంగతి చార్టులో లేదనిపిస్తుంది. హీరోకి ఒక షూటింగ్ డేట్ ఉంటుంది. కాస్ట్యూమ్ వాళ్లు కొలతలు తీసుకోవడానికి వస్తారు. ట్రైనర్ పొద్దున్నే వచ్చి ఎదురుచూస్తుంటారు. ఒక వారం తేడా వస్తే అడిగేవాళ్లు ఉంటారు. అంటే ఆ మనిషి కోసం ఎవరో ఒకరు ఎదురుచూస్తున్నారు. మనకి ఆ ప్రొడ్యూసర్ లేరు. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల హోంవర్క్ చూసి, పదింటికి వంటిల్లు సర్దుకునే అమ్మ ఆ రోజు వాకింగ్‌కి వెళ్లిందా లేదా అని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. వాట్సాప్‌లో బరువు తగ్గే గ్రూప్ పెట్టుకోవడమంటే, తెలిసో తెలియకో, ఆ ఎదురుచూసే మనిషిని తెచ్చుకోవడమే.

అవసరం నిజమైనదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చూస్తే తెలంగాణలో పెద్దవాళ్లలో ప్రతి పది మందిలో సుమారు ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో అది మూడో వంతు దాటింది. మన భారతీయులకి తక్కువ బరువు దగ్గరే షుగర్, బీపీ రిస్క్ మొదలవుతుంది కాబట్టి డాక్టర్లు బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్త అంటారు. పాశ్చాత్య దేశాల్లో ఆ గీత 25.

ఇప్పుడు మూడో నెల సంగతి. మొదటి నెలలో అందరికీ ఉత్సాహం ఉంటుంది. గ్రూప్ లేకపోయినా ఉంటుంది. బరువు కొంత తగ్గాకే అసలు కష్టం మొదలవుతుంది. దీని మీద 2011లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకుల అధ్యయనం ఒకటి ప్రచురితమైంది. అధిక బరువున్న 50 మందితో మొదలుపెట్టి, పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. బరువు తగ్గింది. ఏడాది తర్వాత మళ్లీ రక్తం పరీక్షిస్తే, ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ డైట్‌కి ముందున్న దానికన్నా ఎక్కువగా ఉంది. ఒంట్లో నిల్వలు సరిపడా ఉన్నాయని మెదడుకి చెప్పే లెప్టిన్ తక్కువగా ఉంది. వాళ్లకి ఆకలి కూడా మునుపటికన్నా ఎక్కువే వేస్తోంది. అంటే తగ్గిన బరువుని శరీరం ఒక నష్టంగా లెక్కేసి, తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది తర్వాత కూడా ప్రయత్నిస్తోందన్నమాట.

కాబట్టి మూడో నెలలో గ్రూప్‌లో మెసేజ్ పెట్టడం మానేసిన ఆవిడ సోమరి కాదు, ఆవిడకి పట్టుదల లేకా కాదు. ఆవిడకి నిజంగానే ఎక్కువ ఆకలి వేస్తోంది. వెయింగ్ మెషిన్ ముల్లు కదలట్లేదు. గ్రూప్ తెరిస్తే వేరేవాళ్ల సన్నబడిన ఫొటోలు. "నేను ఈ వారం ఒక కిలో పెరిగాను" అని అక్కడ రాయడానికి మొహమాటం. అందుకని చూసి ఊరుకుంటుంది. అలా ఒక్కొక్కరే ఊరుకుంటే గ్రూప్ మూగబోతుంది. చివరికి అందులో గుడ్ మార్నింగ్ పువ్వులు మిగులుతాయి.

గ్రూప్ పనిచేస్తుందనడానికి ఆధారాలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. వాట్సాప్ రాక చాలా ముందు, 1960ల మొదట్లో న్యూయార్క్‌లో జీన్ నిడెచ్ అనే గృహిణి డైట్ చేస్తూ ఇబ్బంది పడి, తన తిండి దొంగతనాల గురించి చెప్పుకోవడానికి స్నేహితురాళ్లని ఇంటికి పిలిచింది. మిగతావాళ్లూ తమవి చెప్పుకున్నారు. ఆ ముందుగది సమావేశాలే 1963లో వెయిట్ వాచర్స్ అనే పెద్ద సంస్థ అయ్యాయి. ఆ డైట్ ఆవిడ కనిపెట్టింది కాదు, అక్కడి ఆరోగ్య శాఖ క్లినిక్‌లో ఇచ్చిందే. ఆవిడ దానికి కలిపింది, వారానికోసారి కూర్చుని నిజం చెప్పుకునే నలుగురిని.

1999లో రీనా వింగ్, రాబర్ట్ జెఫ్రీ అనే అమెరికన్ పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. నాలుగు నెలల బరువు తగ్గే కోర్సుకి కొందరు ఒంటరిగా వచ్చారు, కొందరు ముగ్గురు స్నేహితుల్ని లేదా బంధువుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఒంటరిగా వచ్చి మామూలు శిక్షణ తీసుకున్నవాళ్లలో 76 శాతం మంది కోర్సు పూర్తి చేశారు. స్నేహితులతో వచ్చి, ఒకరికొకరు ఎలా తోడుండాలో కూడా నేర్చుకున్నవాళ్లలో 95 శాతం మంది పూర్తి చేశారు. ఇది పెద్ద తేడా అనిపించకపోవచ్చు. కోర్సు అయిపోయాక ఆరు నెలలకి చూడండి: తగ్గిన బరువుని పూర్తిగా నిలబెట్టుకున్నవాళ్లు మొదటి గుంపులో 24 శాతం, రెండో గుంపులో 66 శాతం. తగ్గడానికి కన్నా తగ్గింది నిలవడానికే తోడు ఎక్కువ పనికొచ్చిందని నేను దీన్ని చదువుకున్నాను.

ఆన్‌లైన్ మాటేమిటంటే, 2015లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు ఒక ఆన్‌లైన్ బరువు నియంత్రణ కార్యక్రమంలో చేరినవాళ్ల లెక్కలు ప్రచురించారు. అందులో ఎవరితోనూ పరిచయం పెట్టుకోనివాళ్లు ఆరు నెలల్లో తమ బరువులో దాదాపు 5 శాతం తగ్గితే, కొద్దిమంది స్నేహితులున్నవాళ్లు దాదాపు 7 శాతం, పదిమందికి పైగా ఉన్నవాళ్లు 8 శాతం పైచిలుకు తగ్గారు. సైన్స్ టీచర్ పక్క సీట్లో ఉన్నారు కాబట్టి ఒక మాట చేర్చాలి: ఉత్సాహం ఉన్నవాళ్లే ఎక్కువ స్నేహాలు చేసి ఉండొచ్చు, కాబట్టి తేడా అంతా స్నేహం వల్లేనని చెప్పలేం. అదే అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. తమ బరువుని తరచూ నమోదు చేసినవాళ్లు ఎక్కువ తగ్గారు. మంచి అంకె అయినా చెడ్డ అంకె అయినా రాసిపెట్టడమే పని.

మన తెలుగువాళ్లకి దీనికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఇంట్లోనే ఉంది. 2017, 2018 ప్రాంతంలో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఎంత ఊపు ఊపిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన డాక్టర్ కాదు. సభలు, యూట్యూబ్ వీడియోలు, వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల మీదుగా వీఆర్‌కే డైట్ అనే మాట ఊరూరా తిరిగింది. అన్నం బంద్, కొబ్బరి నూనె, నిమ్మకాయలు, లీటర్ల కొద్దీ నీళ్లు, మల్టీ విటమిన్ మాత్రలు. పెళ్లి భోజనాల్లో కూడా విస్తరి ముందు కూర్చుని "నేను డైట్‌లో ఉన్నా" అనేవాళ్లు కనిపించారు. అన్నం మానేయడం మన ఇళ్లల్లో చిన్న విషయం కాదు. పక్కన పదిమంది అదే పని చేస్తున్నారన్న ధైర్యం లేకపోతే తెలుగింట్లో ఎవరూ ఆ మాట అనరు. ఆ ధైర్యం గ్రూపులే ఇచ్చాయి.

అదే సమయంలో చాలామంది డాక్టర్లు ఈ డైట్‌ని గట్టిగా ప్రశ్నించారు, టీవీ చర్చలు కూడా నడిచాయి. డైట్ మంచిదా కాదా అన్న తీర్పు ఇంగ్లీష్ టీచర్ ఇచ్చేది కాదు. గ్రూపుల గురించి మాత్రం ఒకటి చెప్పగలను. వందలమంది ఉన్న గ్రూప్‌లో "నాకు కళ్లు తిరుగుతున్నాయి" అని ఒకరు రాస్తే, ఆ మనిషి కిడ్నీ రిపోర్ట్ చూడనివాళ్లు, వాడే మందులు తెలియనివాళ్లు "మొదట్లో అలాగే ఉంటుంది, కంటిన్యూ చెయ్యండి" అని జవాబిస్తారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు ఉన్నట్టుండి అన్నం, రొట్టె మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ మందుల మోతాదు మార్చాల్సింది మీ డాక్టర్, గ్రూప్ అడ్మిన్ కాదు. గ్రూప్ పట్టుదల ఇవ్వగలదు. ప్రిస్క్రిప్షన్ ఇవ్వకూడదు.

తినే పద్ధతి కావాలంటే మన ఊళ్లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. వాళ్లు 2024లో భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేశారు. అందులో అన్నం దొంగ కాదు. పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు పళ్లెంలో ఎక్కువ చోటు తీసుకోవాలి, అన్నం కాస్త జరగాలి, అంతే.

మరి ఎలాంటి గ్రూప్ నిలబడుతుంది? నేను చూసినంతలో ఫోన్‌లో సగం, నేల మీద సగం ఉండే గ్రూపులు నిలబడతాయి. కేబీఆర్ పార్క్ చుట్టూ పొద్దున్న ఆరింటికి ఒకసారి చూడండి. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన 350 ఎకరాల పైచిలుకు అడవి అది, మన ఇళ్ల మధ్యలో, నెమళ్లతో సహా. గేటు దగ్గర నలుగురైదుగురు నిలబడి ఫోన్ చూసుకుంటుంటారు. "ఎక్కడ?" "చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర, రెండు నిమిషాలు." ఆ మెసేజ్ వల్లే ఆ రెండో మనిషి దుప్పటి తీసింది. ఎదురుచూసే మనిషి ఉన్నారు. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ కూడా ఇలాగే పెరిగింది. అసలు పరిగెత్తనివాళ్లని ఐదు కిలోమీటర్ల దాకా తీసుకెళ్లే వాళ్ల శిక్షణలో వారం వారం ప్లాన్ ఫోన్‌కి వస్తుంది, పరుగు మాత్రం రోడ్డు మీదే. బరువు తగ్గించే గ్రూప్ అని వాళ్లు చెప్పుకోరు. అదీ ఒక కారణమేమో, అక్కడ మొహమాటం తక్కువ.

మీరు గ్రూప్ పెట్టుకునేట్టయితే చిన్నది పెట్టుకోండి. వాట్సాప్ 1024 మందిని చేర్చుకోనిస్తుంది కానీ వెయ్యిమందిలో మీరు కనిపించకపోతే ఎవరికీ తెలియదు. ఆరుగురిలో అయితే గురువారానికే "ఏమైంది వదినా, రెండ్రోజులుగా లేరు?" అని ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్నే గ్రూప్ చేసే అసలు పని. వారానికి ఒక రోజు, ఒకే టైముకి అందరూ అంకె పెట్టాలి, పెరిగినా పెట్టాలి. పెరిగినవాళ్లకి సలహా చెప్పే ముందు ఒక్కరోజు ఆగాలని రూల్ పెట్టుకుంటే ఇంకా మంచిది. పండగ వారంలో అందరూ పెరుగుతారు. ఉగాది, దసరా, సంక్రాంతి తర్వాతి సోమవారం ఎవరు మొదట నిజం రాస్తారో, ఆ గ్రూప్‌కి నిజమైన లీడర్ వాళ్లే. ఎంత తగ్గారన్నదానితో పాటు ఎన్ని రోజులు నడిచారో కూడా రాయండి. ముల్లు మన చేతిలో లేదు, నడక ఉంది. ఫొటోలు వద్దని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఇక ఎవరైనా పౌడర్ డబ్బా అమ్మడం మొదలుపెడితే అది గ్రూప్ కాదు, షాపు.

ఇప్పుడు టిఫిన్ బాక్సు దగ్గరికి వస్తాను. ఈ ఏడాది ముగ్గురు నలుగురు పిల్లల్లో చూసిన సంగతుల్ని కలిపి చెప్తున్నాను, కాబట్టి ఎవరి పాప అని దయచేసి వెతకొద్దు. ఏడో తరగతి అమ్మాయి. లంచ్‌లో అన్నం పక్కకి నెట్టి నాలుగు కీరా ముక్కలు తిని డబ్బా మూసేసింది. ఆకలిగా లేదా అంటే, "రైస్ ఈజ్ బ్యాడ్ మ్యామ్" అంది. ఎవరు చెప్పారంటే, "కారులో మమ్మీ వాళ్ల కోచ్ వాయిస్ మెసేజ్ వస్తుంది కదా." మూడో పీరియడ్ దాటాక ఆ పాప డెస్క్ మీద తల వాల్చేస్తోంది. మ్యాథ్స్ మార్కులు పడిపోయాయని ఇంట్లో ట్యూషన్ పెట్టారు.

మీ గ్రూప్‌లో మాటలు మీ కోసం. వినేది మాత్రం మీరొక్కరే కాదు. వెయింగ్ మెషిన్ మీద నిలబడి మీరు "ఛీ" అనుకున్నది పక్కగదిలో వినిపిస్తుంది. పదకొండు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలు పొడుగు సాగేముందు, సాగేటప్పుడు బరువు పెరగడం సహజం. ఆడపిల్లల్లో తుంటి దగ్గర, తొడల దగ్గర నిండటం ఎదుగుదలలో భాగమే. పెద్దవాళ్ల 23 అంకె వాళ్లకి అలాగే వర్తించదు. పిల్లల డాక్టర్లు వయసు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది చూసి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 చార్టుల్లో సరిచూస్తారు.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఈ విషయం మీద ఒక నివేదిక ఇచ్చింది. అందులో నాకు బాగా గుర్తుండిపోయింది ఏంటంటే, టీనేజ్‌లో డైటింగ్ చేసే పిల్లలకి తర్వాత బరువు పెరిగే ముప్పు, తిండికి సంబంధించిన మానసిక జబ్బుల ముప్పు రెండూ ఎక్కువ. ఇంట్లో బరువు గురించి మాట్లాడటం, సరదాగానైనా వెక్కిరించడం హాని చేస్తుందని, అందరూ కలిసి కూర్చుని తినడం కాపాడుతుందని అదే నివేదిక చెప్పింది. "బొద్దుగా ఉన్నావురా" అని బాబాయిలు, అత్తలు ముద్దుగా అనే మాట కూడా ఇందులోకే వస్తుంది. వాళ్లని ఆపడం కష్టమే, తెలుసు.

పెద్దవాళ్లకి పనిచేసే గ్రూప్‌ని అందుకే పిల్లలకి పెట్టకండి. పిల్లల మధ్య బరువు అంకెల గ్రూప్ అసలు వద్దు. వాళ్లని నిజంగా చేర్చుకోవాలంటే నడకలో చేర్చుకోండి. ఆదివారం కేబీఆర్‌కి తీసుకెళ్లి నెమళ్లు లెక్కపెట్టించండి. వాయిస్ మెసేజ్‌లు కారులో స్పీకర్‌లో కాకుండా ఇయర్‌ఫోన్‌లో వినండి. మీరు రాత్రి అన్నం మానేసినా సరే, మీ సలాడ్ గిన్నె పట్టుకుని వాళ్ల పక్కనే కూర్చోండి. "నీకెందుకు లేదు?" అని అడిగితే, "నాది ఎదిగే వయసు అయిపోయింది నాన్నా, నీది అవ్వలేదు" అంటే చాలు. ఆ వయసు పిల్లలకి అది అర్థమవుతుంది.

లంచ్ టైమ్‌లో ప్రతి ఫ్లోర్‌లో ఒక టీచర్ ఉంటారు. ఒక పాపో బాబో వరుసగా వారం రోజులు అన్నం వదిలేస్తుంటే డైరీలో మీకు చిన్న నోట్ రాస్తాం. ఆ నోట్ వస్తే దయచేసి పిల్లల ముందు చదవకండి, తిట్టకండి, అదే రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తినిపించాలని కూర్చోకండి. మర్నాడు స్కూల్ ఆఫీసుకి ఫోన్ చేసి క్లాస్ టీచర్‌తో టైమ్ అడగండి. అవసరమనిపిస్తే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు మేం క్లాసులో చూసింది ఒక పేజీలో రాసి ఇస్తాం, తీసుకెళ్లడానికి వీలుగా ఉంటుంది.